తెల్ల చీటీ ఎలుకలు

"ఆ రెండు రకాల చీటీలూ అటువి ఇటు, ఇటువి అటు మార్చు. అంతేగా నేనడిగేది!" అన్నాడు డైరెక్టర్, ఫైలును బల్ల మీదుగా ఆమె వైపు తోస్తూ.

"మార్చను సార్," అంది ఆమె.

ఆ లాబొరేటరీలో ఆమెకు మొండిఘటం అని పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ మాట ఎప్పుడో ఆమె చెవిన పడనే పడింది. పడిన రోజున ఎవరో బిరుదు ఇచ్చినంత సంబరపడింది.

గొడవంతా ఎలుకల గురించి. దానిమ్మ రసంలోని యాంటీ ఆక్సిడెంట్లు కాలేయాన్ని కాపాడతాయని తేల్చాలి. అందుకని ఎలుకలన్నిటికీ కొవ్వు దండిగా ఉన్న తిండి పెట్టించారు. ఎర్ర చీటీ అంటించిన బోనుల్లోని వాటికి ఆ తిండితో పాటు దానిమ్మ రసం, తెల్ల చీటీ బోనుల్లోని వాటికి ఉత్త నీళ్ళు. రోజూ పొద్దున్నే ఆమే కూర్చుని కాయలు వలిచేది, గింజలు పిండేది. తొక్కల బకెట్టు ఆయమ్మ పట్టుకుపోయేది. ఇంతా చేస్తే, చివరికి రెండు వరసల్లోంచీ కొన్నిటిని కోసి చూసినప్పుడు, రసం తాగిన ఎలుకల కాలేయాలు కొవ్వు పట్టి పాలిపోయాయి. నీళ్ళు తాగినవాటివి మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"నాలుగేళ్ళు తంటాలు పడి, మంచినీళ్ళు ఒంటికి మంచివని కనిపెట్టావన్నమాట!" డైరెక్టర్ వెటకారంగా నవ్వాడు. "ఎక్కడో చీటీలు తారుమారై ఉంటాయి. సరిచేయమంటున్నాను."

"తారుమారు కాలేదు సార్. కొత్త ఎలుకల్ని తెప్పించి మళ్ళీ మొదటి నుంచీ చేశాను. అదే వచ్చింది. నీళ్ళు పరీక్ష చేయించాను. బోనుల చోటు మార్చి చూశాను. అయినా అదే."

"రేపు పొద్దున్న కంపెనీవాళ్ళు వస్తున్నారు. రసం మాత్రలకి అట్టపెట్టెలు కూడా అచ్చయిపోయాయి. 'మీ లివర్‌కి దానిమ్మ కాపలా' అని ఊరంతా బోర్డులు పెట్టబోతున్నారు. వాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"కాపలావాడు నిద్రపోయాడని చెప్పండి."

డైరెక్టర్ మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"చూడమ్మాయ్, నా దగ్గర చదువుకున్నదానివని ఇంతసేపూ ఓపిక పట్టాను. సాయంత్రం నాలుగింటికల్లా చీటీలు మార్చిన రిపోర్టయినా ఈ బల్ల మీద ఉండాలి, నీ గది తాళాలైనా ఉండాలి. అయినా ఎవరికి తెలుస్తుంది చెప్పు? ఎలుకలొచ్చి సాక్ష్యం చెబుతాయా?"

"నాకు తెలుస్తుందిగా సార్."

విసురుగా తన గదికి వచ్చి కూర్చుంది. ఉద్యోగం పోతుందని భయం వేయలేదా అంటే, వేసింది. కానీ భయం కంటే ఒళ్ళుమంటే ఎక్కువగా ఉంది. నిజానికి దానిమ్మ ఓడిపోయినందుకు డైరెక్టర్ కంటే ఆమెకే ఎక్కువ బాధ. నాలుగేళ్ళుగా వలిచీ వలిచీ ఆమె గోళ్ళు నల్లబడిపోయాయి. ఆ మరకలు సబ్బుకు లొంగవు. అయినా సరే, ఓడినదాన్ని గెలిచిందని రాయడానికి ఆమెకు చేతులు రాలేదు.

'నీళ్ళు తాగిన ఎలుకలే ఆరోగ్యంగా ఉన్నాయి. కారణం తెలియలేదు' అని రాసి, కింద సంతకం చేసింది. నాలుగు కొట్టకముందే ఆ కాగితం, దాని మీద తాళాల గుత్తి తీసుకెళ్ళి డైరెక్టర్ ముందు పెట్టింది.

"కారణం తెలియలేదా?" ఆయన గావుకేక పెట్టాడు. "ఇది చదివితే లోకం నవ్వుతుంది!"

"నవ్వనివ్వండి. నవ్వేవాళ్ళలో ఒక్కరికైనా కారణం వెతకాలనిపిస్తుంది."

వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. మెట్లు దిగబోతూ, మనసొప్పక ఎలుకల గదిలోకి నడిచింది. రంపపు పొట్టు వాసన, బోనుల్లో చిన్న చిన్న గోళ్ళ చప్పుడు. ఆయమ్మ డబ్బాలోంచి కొలిచి తిండి పెడుతోంది. బోనులు కడగడం, వేళకు తిండి పెట్టడం ఆవిడ పనే. ఎలుకల్ని పిల్లలనే పిలుస్తుంది.

"మిమ్మల్ని తీసేశారటగా? ఆ అరుపులు ఇక్కడిదాకా వినిపించాయి," అంది ఆయమ్మ.

"తీసేశారు."

"ఈ తెల్ల చీటీ పిల్లల మూలంగానేనా?"

"వాటి తప్పేముంది ఆయమ్మా! ఉత్త నీళ్ళు తాగి ఇవి ఇంత బాగా ఎలా ఉన్నాయో, అదొక్కటీ నాకు తెలిస్తే చాలు."

ఆయమ్మ డబ్బా కింద పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుని, నడుము మీద చేయి వేసుకుని నిలబడింది.

"అయితే నన్ను కూడా తీసేయమనండి, నాకేం భయం లేదు. ఆ వరసకి రసమూ, ఈ వరసకి ఉత్త నీళ్ళూనా? నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, ఒకళ్ళకి పెట్టి ఇంకొకళ్ళ నోరు కొట్టడం నా వల్ల కాలేదు. అందుకే మీరు వలిచి పారేసే తొక్కలన్నీ ఎండబెట్టి, పొడి కొట్టి, మొదటి రోజు నుంచీ వీటి తిండిలోనే కలుపుతున్నానమ్మా!"