సమాధి మీద సున్నం

మొదటి దెబ్బ చేతి మీద పడింది.

చేతిలోని చెంచా ఎగిరి గడ్డిలో పడింది. దొర సమాధి మీద సున్నం గీకుతున్న ముసలాయన వెనక్కి తిరిగేలోపు రెండో దెబ్బ భుజం మీద పడింది.

కొట్టినవాడు అప్పారావు. చేతిలో పడవ గెడ. నోట్లో అంతకన్నా పొడుగు నాలుక.

"సున్నం గీకుతున్నావేంటి తాతా? ఆగు, నీ ఎముకల్లో సున్నం నేను గీకుతాను."

వెనకాలే వచ్చిన పదిమందీ నవ్వారు.

దొరలంకలో సున్నమంటే ఒట్టి సున్నం కాదు. రెండు వందల ఏళ్ళ కిందట గోదారి ఒడ్డున గుడ్డల వ్యాపారం పెట్టిన బెంజిమెన్ దొర, పోతూ పోతూ ఆ లంకని అక్కడి జాలరులకి రాసిచ్చాడు. షరతు ఒక్కటే. ఏటా తన సమాధికి సున్నం వెయ్యాలి. అప్పట్నుంచీ ఇళ్ళకి సున్నం పడని ఏళ్ళున్నాయిగానీ, సమాధికి పడని ఏడాది లేదు.

వరదకి పోని లంక, తుపానుకి పోని లంక, తొంభై నాలుగులో రొయ్యకి పోయేలా ఉంది. రొయ్యల చెరువుల ఉదయభాస్కర్ కన్ను దాని మీద పడింది. ఉదయం ఆయన పేరులోనే ఉంది. కాలు పెట్టిన చోటల్లా అస్తమయమే. దొర రాసిచ్చిన కాగితాన్ని ఏనాడో చెదలు తినేసింది. దొర వారసుడి దగ్గర లంకని కొన్నానని కోర్టులో ఓ దొంగ కాగితం పడేశాడు. అసలు వారసుడొచ్చి "మేం ఎవరికీ అమ్మలేదు" అంటే నలభై గడపలూ నిలుస్తాయి. లేకపోతే చెరువుగట్ల కిందికి పోతాయి.

లంక తరఫు ప్లీడరు గణేష్‌బాబు ఏడాదిపాటు చర్చి రిజిస్టర్లు తిరగేశాడు. లండన్‌కి ఉత్తరాలు రాశాడు. చివరికి మొన్న కొట్టు ఫోనుకి కబురు చేశాడు.

"వారసుడు దొరికాడు. సోమవారం వాయిదా. ఆదివారం లంకకి వస్తున్నాను."

"దొర దొరికాడ్రోయ్" అని అప్పారావు లంకంతా చాటాడు. కుర్చీకి మెత్త కుట్టించారు. దొర కారం తినడని అప్పారావు పెళ్ళాం వీరవేణి డజను కోడిగుడ్లు దాచింది. సమాధికి ఒకటికి రెండు పూతలు వేశారు.

సరిగ్గా అప్పుడు, శనివారం మధ్యాహ్నం, ఈ నల్లటి మనిషి రేవు దాటి వచ్చాడు. అరిగిన చెప్పులు, చంకలో సంచి. తిన్నగా సమాధి దగ్గరికి పోయి చెంచా తీశాడు.

"ఎవడు పంపాడు నిన్ను?" అన్నాడు అప్పారావు.

"ప్లీడరుగారు చెబితేనే వచ్చానండి."

"ఏ ప్లీడరో మాకు తెలుసులే. ఉదయభాస్కర్ ప్లీడరు కోర్టు చాలక శ్మశానంలో కూడా వాదిస్తున్నాడా?"

"పేర్లు చదువుకుందామనండి. సున్నం కింద కనబడలేదు."

"చదువుతావా, చెరిపేస్తావా? రేపు దొర వచ్చి చూసేసరికి ఆయన తాత పేరు ఉండకూడదు. అంతేనా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. గెడ నోటి మీద పడింది. ఆ తరవాత ఆయన నోట మాట రాలేదు. పళ్ళు వచ్చాయి.

తెల్లటి సున్నం మీద ఎర్రగా చిమ్మింది.

"చూశార్రా. ఆకూ వక్కా లేకుండా, ఒట్టి సున్నంతోనే తాతకి నోరు పండింది."

మళ్ళీ నవ్వారు. నవ్వుతూనే తన్నారు. ఒకడు డొక్కలో, ఒకడు నడుం మీద. సంచి గోదాట్లోకి విసిరేశారు.

"చాలయ్యా, చచ్చిపోతాడు," అంది వీరవేణి.

"చావడే. చావుకి కూడా ఇష్టం ఉండాలిగా వీణ్ణి ముట్టుకోడానికి."

కానీ చావు మొహమాటపడలేదు. అవతలి ఒడ్డున పడేద్దామని పడవలో వేశారు. సగం ఏటిలో, పడవ నడుపుతున్న చిట్టియ్య తెడ్డు ఆపాడు.

"అప్పారావూ, ఊపిరి లేదురా."

అప్పారావు వంగి ముసలాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. శవాన్ని తుంగలో పెట్టి, వెనక్కొచ్చి, రక్తం మీద మూడో పూత సున్నం వేశారు.

"దొర సాక్ష్యం చెప్పనీండి," అన్నాడు అప్పారావు. "లంక నిలబడ్డాక నేనే పోలీసుల దగ్గరికి పోతాను. నలభై గడపలకి ఒక్క మెడ. చవకే."

ఆదివారం పొద్దున్నే గణేష్‌బాబు పడవ దిగాడు. ఒక్కడే.

అప్పారావు దండ పట్టుకుని ప్లీడరు వెనక్కి చూశాడు. అక్కడ ఖాళీ పడవ తప్ప ఏమీ లేదు.

"దొరగారేరండి?"

"దొరేంటయ్యా? లండన్‌లో ఆ వంశం ఎప్పుడో అంతరించింది. బెంజిమెన్ ఇక్కడే ఓ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంతతిలో ఇప్పుడు మిగిలింది ఒక్క డానియేలు గారు. రాజమండ్రిలో రైల్వే ఫిట్టరు చేసి రిటైరయ్యారు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఏరీ, ఇంకా నిద్ర లేవలేదా?"

వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిన్న పొద్దున నేనే బస్సెక్కించానే. నాతో రండి అంటే వినలేదు. ఒకరోజు ముందు పోయి మావాళ్ళని చూసుకుంటానన్నారు."

"మావాళ్ళంటే ఎవరండి?" అన్నాడు అప్పారావు.

ప్లీడరు సంచిలోంచి వంశవృక్షం తీసి మెత్తకుర్చీలో పరిచాడు. వేలు అడుగున ఉన్న డానియేలు దగ్గర మొదలై, ఏడు తరాలు పైకి పాకి, బెంజిమెన్ పక్కనున్న పేరు మీద ఆగింది.

"దొర చేసుకున్నది మీ మల్లాడివారి ఆడపడుచునే అప్పారావూ, డానియేలు గారు నీకు వరసకి బావ అవుతారు."