నలభై మందిలో ఒకడు

"మేడమ్, మీ పరీక్షలో తప్పు లేదు!"

తలుపు కూడా తట్టకుండా దూసుకొచ్చింది రీసెర్చ్ స్కాలర్. చంకలో ల్యాప్‌టాప్, మెడలో హెడ్‌ఫోన్స్. మూడు రోజులుగా తిండీ నిద్రా ల్యాబ్‌లోనే అని చూస్తేనే తెలుస్తోంది.

ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకుంది. "ముందు కూర్చో. ఊపిరి పీల్చుకుని చెప్పు."

ఆ పరీక్షే ప్రొఫెసర్ జీవితం. ఏడాది నిండిన పిల్లల్ని ఇరవై నిమిషాలు గమనించి, ఆటిజం ఉందేమో పసిగట్టే పరీక్ష. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా? వేలితో చూపిస్తే అటు చూస్తున్నాడా? ఇలాంటివి పది అంశాలు, పది మార్కులు. ఎంత తొందరగా కనిపెడితే పిల్లలకి అంత తొందరగా సాయం అందుతుంది.

ఇరవై ఆరేళ్ల క్రితం దాన్ని తయారు చేసినప్పుడు, పోల్చి చూడటానికి నలభై మంది మామూలు పిల్లలకి కూడా పెట్టి చూశారు. ముప్ఫై తొమ్మిది మంది గట్టెక్కారు. ఒక్కడు తప్పాడు. పన్నెండో నంబరు.

ఆ ఒక్కడే ఆవిడ మెడకు చుట్టుకున్నాడు. 'మామూలు పిల్లాడికి ఆటిజం అంటగట్టే పరీక్షా? వెయ్యి మందికి పెడితే పాతిక మంది తల్లుల్ని ఊరికే ఏడిపిస్తారు' అని గిట్టనివాళ్లు ఎత్తిపొడిచారు. ప్రభుత్వ ఆసుపత్రులు దాన్ని పక్కన పెట్టాయి. రేపు దాని మీద కమిటీ మళ్లీ కూర్చుంటోంది. రిటైరయ్యేలోగా ఆవిడకిదే చివరి అవకాశం.

"అప్పుడు తీసిన వీడియోల్లో పన్నెండో నంబరు టేపు మళ్లీ బయటికి తీశాను," అంది స్కాలర్. "వాడు ఏ గుంపులోవాడో చెప్పకుండా ఇద్దరు నిపుణులతో విడివిడిగా మార్కులు వేయించాను. ఇద్దరిదీ ఒకటే మాట. వాడికి ఆటిజం ఉంది మేడమ్! మీ పరీక్ష అప్పుడే పట్టేసింది. మనుషులే నమ్మలేదు."

ప్రొఫెసర్ పెన్ను చేతిలోకి తీసుకుంది.

"మూడో సంతకం మీది. ఒకసారి చూసి మార్కులేస్తే రేపు కమిటీ ముందు పడేద్దాం. అవునూ, నలభై టేపుల్లో దీనికొక్కదానికే మీ మార్కులు లేవేంటి?"

"అప్పుడు కుదర్లేదు. పెట్టు."

వీడియో మొదలైంది. ఎవరి పిల్లలో తెలియకూడదని పెద్దవాళ్ల ముఖాలు మసక చేశారు. గొంతులు మార్చారు. పేరు పిలిచిన చోటల్లా బీప్ పెట్టారు.

గది మధ్యలో ఒక పిల్లాడు. గిన్నె మూతని నేల మీద గిర్రున తిప్పి వదులుతున్నాడు. అది ఊగి ఊగి ఆగేదాకా రెప్ప వేయకుండా చూస్తున్నాడు. మళ్లీ తిప్పుతున్నాడు.

వెనక నుంచి తల్లి పిలిచింది. బీప్. వాడు తిరగలేదు. బీప్. తిరగలేదు. ఐదోసారి ఎదురుగా వచ్చి చప్పట్లు కొట్టింది. వాడు మూత తీసుకుని పక్కకు జరిగాడు.

ప్రొఫెసర్ పెన్ను కదిలింది. సున్నా. సున్నా. సున్నా.

"తల్లి నింపిన ఫారం చూడండి," స్కాలర్ ఒక కాగితం ముందుకు తోసింది. "ఇరవై ప్రశ్నలు. బిడ్డ విషయంలో ఏమైనా అనుమానం ఉందా అంటే, అన్నిటికీ లేదు, లేదు, లేదు! బస్సు వెళ్లిపోతోందన్నట్టు టిక్కులు కొట్టేసింది మహాతల్లి."

"పని ఒత్తిడిలో ఉండుంటుంది."

"కింద ఫుట్‌నోట్ ఇంకా బాగుంది. 'ఆ రోజు బిడ్డకు నిద్ర చాలలేదని తల్లి చెప్పింది' అట. నిద్రమత్తులో ఉన్నవాడు పంతొమ్మిది నిమిషాలు మూత తిప్పుతాడా? రోజూ ఇంట్లో చూస్తూ కూడా... కళ్లెక్కడ పెట్టుకుందో!"

"మామూలు పిల్లలు దొరక్క అప్పుడు నానా తిప్పలూ పడ్డామమ్మాయ్. తెలిసినవాళ్లందర్నీ బతిమాలి తెచ్చుకున్నాం. 'మా వాడికేం, బంగారం' అంటే నమ్మేశాం."

స్కాలర్ కాస్త మెత్తబడింది. "వాడికిప్పుడు ఇరవై ఏడేళ్లుంటాయి. ఎవరూ కనిపెట్టకపోతే ఇలాంటివాడు ఎలా పెరుగుతాడు మేడమ్?"

ప్రొఫెసర్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది.

"పిలిస్తే పలకడు. పొగరనుకుంటారు. 'మాట్లాడుతుంటే నా మొహంలోకి చూడు' అని గడ్డం పట్టుకుని తిప్పుతారు. అయినా చూడకపోతే రెండు తగిలిస్తారు. మూడు బళ్లు మారుస్తారు. లెక్కలు బాగా చేస్తాడు కాబట్టి, వీడికేం రోగం, అంతా మొండితనం అనుకుంటారు. పదేళ్లకి హాస్టల్లో పడేస్తారు. పద్దెనిమిది నిండగానే వాడు బ్యాగు సర్దుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఫోనెత్తడు."

స్కాలర్ గబగబా రాసుకుంది. "మీరు చెబితే కళ్లకు కట్టినట్టుంటుంది. దీన్ని నా క్లాసులో వాడేసుకుంటా మేడమ్."

టేపు చివరికి వచ్చింది. పిల్లాడు ఉన్నట్టుండి పాకుకుంటూ వెళ్లి, మూతని తల్లి ఒళ్లో పెట్టాడు. తల్లి దాన్ని అందకుండా అల్మారా పైన పెట్టేసి, వాడి ముందు ఒక కొత్త బొమ్మ దింపింది.

ప్రొఫెసర్ ఆ ఒక్క చోట ఒకటి వేసింది. మొత్తం పదికి ఒకటి. 'మామూలు' అన్న మాట కొట్టేసి, పక్కన 'ఆటిజం' అని రాసి సంతకం పెట్టింది. సంతకానికి చాలాసేపు పట్టింది.

"ఇంక మీ పరీక్షకి తిరుగులేదు! రేపు వాళ్ల మొహాలు చూడాలి మేడమ్!" స్కాలర్ కాగితాలు పోగేసుకుంటూ ఆగింది. "అన్నట్టు, రూలు ప్రకారం ఇంట్లోవాళ్లకి చెప్పాలి కదా. పేర్ల జాబితా మీ బీరువాలోనే ఉంది. ఆ తల్లి ఫోన్ నంబరివ్వండి, నేనే మెల్లగా చెబుతాను."

"అక్కర్లేదమ్మాయ్, ఆవిడ ఇందాకట్నుంచీ నీ పక్కనే కూర్చుని చూస్తోంది."