చూసిన చోటు

“‘జారిండట’ ఏంది పెద్దాయినా? ‘జారిండు, నేను చూసిన’ అనాలె,” అన్నాడు సాముయేలు, టైపు మిషన్ మీంచి చేతులు తీసి.

అంతయ్య తల ఊపాడు. పక్కన బెంచీ మీద అతని వదిన సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

చేవెళ్ల కోర్టు ఎదుట టార్పాలిన్ కింద సాముయేలు టేబుల్. పద్దెనిమిదేళ్లుగా అఫిడవిట్లు కొడుతున్నాడు. ఖాళీ దొరికితే కథలు రాస్తాడు. వారపత్రికల్లో రెండు అచ్చయ్యాయి కూడా.

సత్తమ్మ కొడుకు జగదీశ్ మూడు నెలలుగా జైల్లో ఉన్నాడు. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేచినకొద్దీ మొయినాబాద్ చుట్టుపక్కల పొలాలకు గిరాకీ పెరిగింది. చిన్న మంగళారంలో వాళ్ల రెండెకరాలను ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయన ఫామ్‌హౌస్ కోసం అడిగాడు. పట్టాలో అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉన్నాయి. అంతయ్య సరేనన్నాడు. అన్న ఈశ్వరయ్య ససేమిరా అన్నాడు. అమ్ముదామని జగదీశ్ తండ్రితో ఊరందరి ముందూ కొట్లాడాడు. నాలుగో రోజు ఈశ్వరయ్య పొలం బావిలో శవమై తేలాడు. పోలీసులు వచ్చి జగదీశ్‌ను తీసుకుపోయారు.

“రేపే బెయిల్ అట సారూ,” అంది సత్తమ్మ. “కండ్లార చూసినోడు ఒక్కడుంటే నా కొడుకు బయటవడ్తడని వకీలు జనార్దన్ సారు చెప్పిండు.”

సాముయేలు గొంతు తగ్గించాడు. “నిజం చెప్పు పెద్దాయినా. ఆ పొద్దు నువ్వు ఆడ ఉన్నవా?”

అంతయ్య వదిన వైపు చూశాడు. సత్తమ్మే అందుకుంది.

“యాడుండె సారూ! టమాటలు ఏసుకొని శంకర్‌పల్లి పోయిండు. మాపటికి ఇంటికొచ్చిండు. నా కొడుకు కోసమని అబద్ధం నెత్తికెత్తుకుంటున్నడు.”

“మెల్లగ అమ్మా. పక్క టేబులోడు వింటడు.”

సాముయేలు తెల్ల కాగితం తీసి సున్నా ఒకటి, పెట్టె ఒకటి గీశాడు.

“ఇగో, ఇది బావి. ఇది మోటారు కొట్టం. నువ్వు కొట్టం కాడ ఉన్నవు. ఎంత దూరం?”

“నూరు అడుగులు.”

“ఇప్పుడు జర చెవు పెట్టి విను. కథల నేను దేవుడి లెక్క అందరి మనసుల దూరొచ్చు. ‘నేను’ అని మొదలువెడితే మాత్రం, ఆ నేను నిలవడ్డ తావు కాడికెళ్లి కనవడ్డదే రాయాలె. గోడ అవతలిది రాస్తె సదివెటోడు పట్టేస్తడు. రేపు సర్కారు వకీలు గూడ గంతే. కొట్టం కాడికెళ్లి బావిల నీళ్లు కనవడ్తయా?”

“కనవడయి. ముప్పై అడుగుల లోతు. దరి మీద నిలవడితెనే.”

“మరి నువ్వు చూసింది ఏంది? ఆయన వంగుడు, కాలు జారుడు. గంతే. మునుగుడు నువ్వు చూడలే.”

“చూడలే.”

“ఉరికొచ్చి చూసేవరకు?”

“నీళ్లే ఉన్నయి.”

“శభాష్! ఇగ నేనే సర్కారు వకీలు అనుకో.” సాముయేలు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. “ఎందుకు వంగిండు?”

“మోటారుకు నీళ్లు ఎక్కుతలేవు. పైపు కదిలిచ్చి చూస్తుండె.”

“భుజం మీద ఏముండె?”

“పచ్చ రుమాలు.”

“ఈత రాదా?”

“వస్తుండె. పక్షవాతం వచ్చినంక ఎడమ చెయ్యి లేవది.”

“అప్పుడు దరి మీద ఇంకెవరున్నరు?”

అంతయ్య బొమ్మలోని సున్నా వైపు చూశాడు.

“గట్ల నాన్చద్దు. టక్కున రావాలె. దరి మీద ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరు.”

“గది! ఎంత సదివినవు?”

“మూడు.”

“మూడు సదివితెనే గిట్లున్నవు. పది సదివితే నా టేబుల్ గుంజుకుంటుంటివి.”

సత్తమ్మకు మూడు నెలల్లో మొదటిసారి నవ్వు వచ్చింది. వచ్చినంత వేగంగా పోయింది.

మిషన్ టకటకలాడింది. ‘అంతయ్య అను నేను ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా...’ సాముయేలు మొత్తం చదివి వినిపించాడు. కొట్టం, పైపు, పచ్చ రుమాలు, కాలు జారడం, నీళ్లు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అంతయ్య ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేశాడు.

“నోటరీ ముద్ర ఏయించుకొస్త. నన్ను అడిగినోళ్లుంటె ఛాయికి పోయిండని చెప్పుండ్రి,” అని కాగితం తీసుకుని రోడ్డు దాటాడు సాముయేలు.

సత్తమ్మ వంగి మరిది కాళ్లు పట్టుకుంది. అంతయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“లే వదినా. ఎవరన్న చూస్తరు.”

“చూడనీ. పోరడు బయటికి రాంగనే సంతకం పెట్టిస్త అంతయ్యా. నీకు అడ్డం పడ. ఆ భూమి నాకొద్దు, ఆ బావి నాకొద్దు.”

ఇద్దరూ రోడ్డు మీద పోతున్న లారీలను చూస్తూ కూర్చున్నారు. ఒకటి వెంట ఒకటి, అన్నీ ఇటుకల లారీలే.

“అబద్ధమే గని, సారు సదువుతుంటె నువ్వు నిజంగ ఆడ ఉన్నట్టే అనిపిచ్చింది,” అంది సత్తమ్మ. “ఉంటె ఎంత బాగుండు. ఒక్కడే పాయె. దిక్కులేని సావు సచ్చె. ఆఖరుకు ఎవర్ని పిలిచిండో, ఏం మొత్తుకున్నడో... కండ్లు మూస్తె గదే యాదికొస్తది.”

ఆమె కొంగు తడిసిపోయింది. అంతయ్య భుజం మీది రుమాలు తీసి ఆమె చేతికిచ్చాడు. చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

“ఎవ్వర్ని పిలువలే వదినా,” అన్నాడు మెల్లగా.

“మునిగేదాక నా మొఖమే చూసిండు.”