ఉప్పు చూడ్డానికొచ్చినవాడు

తీగ అనే దొంగ ఆ అక్వేరియం చేపల షాపులో నిలబడింది చేపలు చూడ్డానికి కాదు, మాటలు వినడానికి. వంకర తీగ ఒక్కటి చేతిలో ఉంటే ఎంతటి తాళం చేతనైనా నోరు తెరిపిస్తాడని తోటి దొంగలు అతనికి ఆ పేరు పెట్టారు.

కౌంటర్ దగ్గర ఒక జంట. ఇంట్లో కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టించుకున్నారు.

"ముందు నీళ్ళలో ఉప్పు కుదురుకోవాలండీ," అంటున్నాడు షాపాయన. "ఈ గొట్టంలో గీత ముప్ఫై అయిదు మీద నిలబడ్డాకే చేపలు. అంతవరకూ ఉత్త నీళ్ళే."

"మంచిదే. మేం ఎలాగూ ఊరెళ్తున్నాం, ఇంట్లో ఎవరూ ఉండరు. ఈ నగలన్నీ బీరువాలో పడేసి పోవాలి," అంది ఇంటావిడ, మెడలో నెక్లెస్ సర్దుకుంటూ.

తీగ బయటికి వస్తుంటే, తలుపు పక్కన వేలాడుతున్న షాపు చొక్కా ఒకటి, బల్ల మీదున్న ఉప్పు కొలిచే గొట్టం ఒకటి అతని వెంటే వచ్చేశాయి.

జంట వెనకే వెళ్ళి ఇల్లు చూసుకున్నాడు. వాళ్ళు ఊరెళ్ళగానే పట్టపగలే ఆ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. తాళంలో తీగ పెట్టాడో లేదో, తలుపు లోపలినుంచి తెరుచుకుంది. ఎదురుగా ఒక ముసలావిడ.

"ఎవరు నాయనా?"

"ఉప్పు... ఉప్పు చూడ్డానికొచ్చాను పెద్దమ్మా."

"మరి చేతిలో ఆ తీగేంటి?"

"నీళ్ళు కలపడానికి."

ఆవిడ తీగనీ, అతన్నీ ఎగాదిగా చూసింది. "సరే రా. నేను ఈ ఇంటబ్బాయికి మేనత్తని."

తీగ పళ్ళు నూరుకున్నాడు. ఎవరూ ఉండరంటే ఇదన్నమాట! ముసలివాళ్ళని ఏ ఇంట్లో లెక్కలో వేస్తారు గనక?

ఆవిడ సరిగ్గా పడగ్గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. బీరువా ఆ గదిలోనే ఉంది. చేసేది లేక తీగ అక్వేరియంలో వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు.

"పులుసు రుచి చూసినట్టు చూస్తావేం? ఆ గొట్టం చెవిలో పెట్టుకోవడానికి తెచ్చావా?"

తీగ నాలుక కరుచుకుని, గొట్టం గాజు మీద రెండు చుక్కలు వేసి, వెలుతురుకేసి పట్టి చూశాడు. గీత ముప్ఫై ఎనిమిది మీదుంది. చెంబుతో ఉప్పునీళ్ళు తోడిపారేసి, మంచినీళ్ళు పోసి, ముప్ఫై అయిదుకి దించేసరికి నడుం పడిపోయింది.

"రేపొచ్చి చూస్తాను," అన్నాడు. రేపైనా ముసలిది కునుకు తీయకపోతుందా అని ఆశ.

మర్నాడు ఆవిడ కునుకు తీయలేదు సరికదా, గీత ముప్ఫై తొమ్మిది మీదుంది. ఆ మర్నాడు నలభై! తీగకి రోషం వచ్చింది. ఎన్ని తాళాలు తన చేతికి లొంగాయి! ఈ బోడి నీళ్ళు లొంగవా?

రోజూ వెళ్ళేముందు ఆవిడ కంచం పెట్టేది. "తిని పో. ఖాళీ కడుపుతో ఉప్పు కొలిస్తే లెక్క తప్పుతుంది." తిన్నావా అని అతన్ని అడిగిన మనిషి ఈమధ్య కాలంలో జైలు వార్డెన్ ఒక్కడే.

ఒకరోజు వంటింట్లోంచి నీళ్ళ బిందెతో వస్తూ చూశాడు. ఆవిడ అక్వేరియంలో గుప్పెడు ఉప్పు వేస్తోంది.

"పెద్దమ్మా! నువ్వా?"

"మరేం చేయను? ఉప్పు కుదిరితే నువ్వు రావుగా. గోడలతో మాట్లాడుకోమంటావా?"

ఆవిణ్ణి కడిగేద్దామనుకున్న తీగ బిందె కింద పెట్టేశాడు. "చేపలు రాకముందే వాటికి బీపీ తెప్పించేలా ఉన్నావే," అని మాత్రం అన్నాడు.

"బీపీ అంటే గుర్తొచ్చింది నాయనా. నా మాత్రలు బీరువాలో ఉండిపోయాయి. తాళంచెవి వాళ్ళు పట్టుకుపోయారు. పొద్దుట్నుంచీ కళ్ళు తిరుగుతున్నాయి. నీకేమైనా ఉపాయం తెలుసా?"

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. తీగ రెండు తిప్పులు తిప్పేసరికి బీరువా కిక్కురుమనకుండా తెరుచుకుంది. కళ్ళెదుటే నగలపెట్టె. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

అప్పుడు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆవిడా దొంగే. అయినా అన్నం పెట్టిన ఇంట్లో చెంచా కూడా ముట్టేది కాదు. ఉప్పు తిన్న ఇంటికి కన్నం వేస్తే పుట్టగతులుండవనేది.

తీగ మొహం తిప్పేసుకున్నాడు. "నీ మాత్రలు నువ్వే తీసుకో పెద్దమ్మా. నేనిక్కడుండను," అని గబగబా అక్వేరియం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు పోసి, కలిపి, గొట్టంలోంచి చూస్తే గీత ముప్ఫై అయిదు మీద మేకు కొట్టినట్టు నిలబడింది. జీవితంలో ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

ఆవిడ సంచీ తగిలించుకుని బయల్దేరింది. "కూరగాయలు తెస్తాను. ఇల్లు చూస్తూండు నాయనా."

ఇల్లు చూస్తూండమని తీగతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. వెన్ను నిటారుగా పెట్టి కాపలా కూర్చున్నాడు.

కాసేపటికి వచ్చింది ఆవిడ కాదు, పెట్టెలు మోసుకుంటూ ఇంటివాళ్ళు. ఇంటాయన చొక్కా చూసి, "షాపు మనిషా? ఉప్పు కుదిరిందా?" అన్నాడు.

"ముప్ఫై అయిదు సార్! గీత కదిలితే ఒట్టు!"

పడగ్గదిలోంచి ఇంటావిడ కేక వినిపించింది. "ఏమండీ! బీరువా బార్లా తీసుంది! నా నగలు లేవండీ!"

ఇంటాయన తీగ చొక్కా పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తీగ నిజం చెప్పాడు. "అమ్మతోడు సార్, పూచికపుల్ల కూడా ముట్టలేదు! కావాలంటే మీ మేనత్తగారిని అడగండి, కూరగాయలకెళ్ళారు, ఈపాటికి వచ్చేస్తుంటారు."

ఇంటాయన పట్టు ఇంకా బిగిసింది. "మేనత్తేంట్రా? మా నాన్నకి అక్కచెల్లెళ్ళే లేరు!"