చిట్టి పలక మీద తొమ్మిది గీతలు

అడవి మడుగులో పేరమ్మ అనే ముసలి బాతు ఉండేది. అక్షరం ముక్క రాకపోయినా రోషానికి లోటు లేదు. మనవరాలు చిట్టి చిన్నబడిలో ఉన్నన్నాళ్లూ కప్ప పంతులు ఈతలో ముందొచ్చిన పిల్లకు ఒక గీత, తరవాత వచ్చిన పిల్లకు రెండు గీతలు వేసేవాడు. చిట్టికి ఎప్పుడూ ఒకటే.

పెద్దబడిలో చేరిన ఏడాది చిట్టి పలక మీద తొమ్మిది గీతలు పడ్డాయి. అదే బడిలో చదివే పక్కగూటి నీటికోడి మంగమ్మ మనవడికి ఒకటే గీత.

“మావాడు ఒకటి, మీ పిల్ల తొమ్మిది! ఏం పేరమ్మ వదినా, ఈత మరిచిందా?” అంది మంగమ్మ, మడుగంతా సంబరంగా నత్తలు పంచుతూ.

పేరమ్మకు ఒళ్లు మండిపోయింది. పోయినేడు తన నడకను వెక్కిరించింది కూడా ఈ మంగమ్మే. బడి మాన్పించేస్తున్నానని చెప్పడానికి చిట్టిని లాక్కుని తాబేలు పంతులు దగ్గరికి పోయింది.

“అదేంటవ్వా! మా బడిలో ఎవరు ముందొచ్చారో చూడం. ఎవరి ఈత ఎంత బాగుందో చూసి పదికి ఇన్నని గీతలు వేస్తాం. పదికి తొమ్మిది ఇంతవరకూ ఎవరికీ రాలేదు,” అన్నాడు పంతులు.

పేరమ్మ మెడ నిక్కించి, చిట్టిని ముందు పెట్టుకుని, మడుగు నడిమధ్యగా ఈదుకుంటూ వెళ్లి మంగమ్మ గూటి ముందు ఆగింది.

“ఇంకో నత్త ఉంటే ఇలా పెట్టు మంగమ్మా! మీవాడికి పదికి ఒకటొచ్చిందటగా!”