ఆరు దినాలు ఆగిన గోలీ

"రాయి బిడ్డా, ఉమా. అవ్వ పొద్దుగాల జొన్న అంబలి తాగుతది. ఏండ్లసంది... నేనే కాసిస్త."

నాగన్న మాటమాటకూ ఆగుతున్నాడు. పెన్ను పట్టుకున్న మనుమరాలు ఉమకు కాలు నిలవడం లేదు. పొద్దున నాయనమ్మ రేణుకమ్మ వాంతులు చేసుకుని స్పృహ తప్పింది. వనపర్తి దవాఖానలో సెలైన్లు ఎక్కిస్తున్నా బీపీ పడిపోతూనే ఉంది. ఆమె ఏం తింటుందో, ఏ మందులు వాడుతుందో ఒక్కటీ వదలకుండా ఇంట్లో అడిగి రాసి ఫోన్‌లో చెప్పమన్నాడు డాక్టరు.

"మందుల కాడ 'లేవు' అని రాస్తున్న తాతా. గోలీ కనబడితే అవ్వ పెంట మీదికి ఇసురుతది. ఆమెకు వావిలాకు కాపడమే దవాఖాన."

"ఊ... కాపడంతోనే మోకాళ్లు నయమైనయంటది."

"అయినయి గద! మేకల ఎనక గుట్టెక్కుతుండె. మొఖం సుత గుండ్రంగ నిండె. నువ్వే, రెండేండ్లసంది సంతల గోలీలు తెచ్చుకుంటివి, కట్టె లేంది గడప దాటవు."

నాగన్న కట్టె వైపు చూశాడు. "నా గోలీల సంగతి గూడ రాయి."

"నీది ఇప్పుడెందుకు తాతా!"

ఫోన్ మోగింది. దవాఖాన నుంచి ఉమ తండ్రి సుదర్శన్.

"రాసినవా బిడ్డా? డాక్టరు తొందర చేస్తుండు."

"తాత మధ్యల ఆయన గోలీలు రాయమంటుండు నాయినా." అటక మీది ఖాళీ గోలీల డబ్బా దించి పేరు చదివింది.

అవతల అతను నర్సుతో మాట్లాడడం వినిపించింది. సుదర్శన్ గొంతు మారింది. "అవి స్టెరాయిడ్లంట! రోజు మింగేటోళ్లు ఒక్కపారి బంద్ చేస్తే పానానికే మోసమంట. కొద్దికొద్దిగ తగ్గియ్యాల్నంట. తాత మింగుతుండా, ఆపిండా?"

ఉమ తాత వైపు తిరిగింది. "ఎన్ని దినాలాయె ఆపి?"

"ఆరు దినాలు. కాలు రాక పెబ్బేరు సంతకు పోలే. తేలే."

నాగన్న ముఖం పాలిపోయింది. ఉమ అతని దగ్గరికి వంగింది.

"కండ్లు తిరుగుతున్నయా? వాంతికొస్తుందా?"

"నాకేం కాలే."

"చెమటలు పడుతున్నయి, ఏం కాలేదంటవేంది! నాయినా, ఆటోల తాతను గూడ తోల్కొస్తున్న." చేయి పట్టి లాగింది. "లే తాతా! అవ్వ గట్ల పడె, నువ్వు గూడ పడితే మేమేం గావాలె?"

ముసలాయన కదల్లేదు. కట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి మాట ఆగలేదు.

"ఫోన్ పెట్టకు బిడ్డా. 'లేవు' అని రాస్తివి గద, అది కొట్టెయ్. ఇగ నేను చెప్పేది రాసి, డాక్టరు సారుకు చదివి వినిపియ్యి."

"ఏంది తాతా?"

"ఆ గోలీలన్నీ అవ్వ అంబలిలనే కలిపిన."