సముద్రాన్ని ఊపిన నూకరాజు

రాళ్ల ఒడ్డున నాచులో నూకరాజు అనే రొయ్య ఉండేవాడు. మనిషి చీపురుపుల్ల ముక్కంత. వెనక కాళ్లతో నాచుని పట్టుకుని, అలలతోపాటు రోజంతా ఊగేవాడు. ఊగీ ఊగీ తల తిరిగింది. ఆ తిరిగిన తలలో ఓ ఆలోచన పుట్టింది.

"మామ్మా, ఈ సముద్రాన్ని ఊపుతున్నది నేనే!" అన్నాడు పక్కనున్న ముసలి నత్తతో.

"అలాగా నాయనా! ఓసారి ఆపు, చూద్దాం."

నూకరాజు నాచుని కావలించుకుని బిగుసుకుపోయాడు. సరిగ్గా అది ఆటు వేళ. నీళ్లు జరజరా వెనక్కి పోయాయి. రాళ్లు బయటపడ్డాయి. పీతపిల్లలు లబోదిబోమన్నాయి.

"రాజుగారూ, మీ కాళ్లకి మొక్కుతాం, ఊగండి!"

నూకరాజు ఉబ్బిపోయాడు. తడి నాచులో గిలగిలా ఊగాడు, పూటంతా ఊగాడు. పోటు వచ్చింది. నీళ్లు తిరిగొచ్చాయి. పీతపిల్లలు అడ్డదిడ్డంగా గంతులేశాయి.

ఇక ఆ రోజు నుంచి నూకరాజుకి తిండి లేదు, కునుకు లేదు. ఊగడమే.

"చచ్చిపోతావురా, కాసేపు ఆగు," అంది నత్త. "సముద్రం వెళ్లిపోతుందని భయమా?"

"కాదు మామ్మా," అన్నాడు నూకరాజు ఊగుతూనే. "నేను ఆగినా వెళ్లకపోతేనో!"